తోడు

పెరుగు వడ్డించకముందే విస్తరి ముందునుంచి లేచిపోయారంటే తెలుగిళ్లలో ఒకటే అర్థం... ఆ మనిషికి కోపం వచ్చిందని. అందుకే 2021 సంక్రాంతి వెళ్లిన వారానికి, హైదరాబాద్ వనస్థలిపురంలోని ఆ ఇంట్లో ఆవిడ చారన్నం తినేసి చెయ్యి కడుక్కుంటే ఆయన ఉలిక్కిపడ్డాడు.

‘‘ఏమైంది? ఒంట్లో బాగాలేదా?’’

‘‘బాగానే ఉందండీ. పెరుగు వద్దనిపించింది.’’

మర్నాడూ అంతే. మూడోరోజు పప్పులోకి నెయ్యిగిన్నె జరిపితే, వేసుకోకుండా ఆయన వైపే తిరిగి జరిపింది. నాలుగోరోజు పొద్దున ఆయన చేతికి కాఫీ ఇచ్చి, తను మాత్రం అల్లం, నిమ్మరసం కలిపిన వేణ్నీళ్లు తెచ్చుకుని కూర్చుంది. ముప్ఫై ఒక్కేళ్ల కాపురంలో ఇద్దరూ కలిసి కాఫీ తాగని పొద్దు ఆయనకి గుర్తులేదు.

వారం గడిచాక చెప్పింది. ఆవిడ హైస్కూల్లో జీవశాస్త్రం టీచరు. రోజూ నడిచే దారిలో, వీధి చివర నాలుగు గేదెల పాక ఒకటుంది. దాని బయట చెత్తకుండీ పక్కన ఓ దున్నదూడని కట్టేశారు. పుట్టి పట్టుమని పదిహేను రోజులైనా కాలేదు, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. పాలు పితికే వేళకి దాన్ని తెచ్చి తల్లి పొదుగు దగ్గర వదులుతారు. గేదె చేపగానే లాక్కెళ్లి మళ్లీ కట్టేస్తారు. పెయ్యదూడైతే రేపు పాలిస్తుంది కాబట్టి దానికి కాస్త మిగులుస్తారు. దున్నతో ఏం పని? పొలాల్లోకి ట్రాక్టర్లు వచ్చేశాయి. మూడ్రోజులు చూసింది. నాలుగోరోజు అక్కడ తాడు మాత్రమే ఉంది.

‘‘నేనెవర్నీ తప్పు పట్టట్లేదు. మీ కాఫీకి పాలు నేనే కాచి ఇస్తాను. నా గొంతులోకి మాత్రం దిగట్లేదు’’ అంది.

ఆయన ‘సరేలే’ అన్నాడు కానీ లోపల ఎక్కడో కలుక్కుమంది. కారణం ఉంది.

గుడివాడ దగ్గర పల్లెలో ఆయనకి తొమ్మిదేళ్లప్పుడు తండ్రి పోయాడు. అరెకరం పొలం, రెండు గేదెలు మిగిలాయి. తల్లి తెల్లవారుజామున మూడున్నరకి లేచి, కుడితి పెట్టి, పాలు పితికి, కేంద్రంలో పోసి వచ్చేది. ఆ పాల డబ్బులతోనే ఆయన బడి, కాలేజీ, డిగ్రీ. బ్యాంకు పరీక్షకి హైదరాబాద్ వచ్చిన బస్సు చార్జీ కూడా పాలదే. ‘మావాడు పాలమీద చదివాడు’ అని ఆవిడ ఇప్పటికీ నలుగురిలో చెప్పుకుంటుంది. అలాంటి ఇంట్లో కోడలు ‘పాలు నా గొంతులోకి దిగట్లేదు’ అంటే ఆయనకి దూడ వినిపించలేదు. అమ్మని ఏదో మాట అన్నట్టు వినిపించింది.

ఆదివారం కోడికూర ఆవిడ అంతకుముందే మానేసింది. దాన్నెవరూ పట్టించుకోలేదు. శనివారమనో, కార్తీకమనో మాంసం మానేవాళ్లకి ఈ దేశంలో వందసాకులు. పాలు మానడానికి మాత్రం అంత తేలిగ్గా సాకు దొరకదు. పైగా ఉపవాసం నాడు పుచ్చుకునేదే పాలు. పెళ్లిళ్లకి వెళ్తే బంధువులు నవ్వేవారు. ‘‘వీగనా? అదెక్కడి వింత?’’ అనేవాళ్లు. మాట కొత్తదేం కాదు. 1944లో ఇంగ్లండ్‌లో డోనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు కొందరు కలిసి సొసైటీ పెట్టుకున్నప్పుడు ‘వెజిటేరియన్’లోని మొదటి అక్షరాలూ చివరి అక్షరాలూ కలిపి చేసుకున్న పేరది. మాంసం, గుడ్లతోపాటు పాలు, నెయ్యి, తేనె కూడా ముట్టరు. ఆవిడ ఈ చరిత్రంతా ఎవరికీ చెప్పేది కాదు. ‘‘నాకు పడదండీ’’ అని ఊరుకునేది.

మూడేళ్లు అలాగే నడిచింది. ఆవిడ వంట ఆవిడదే, ఆయన పెరుగు ఆయనదే. ఏం తింటున్నావని ఆయన అడగలేదు, ఏం తింటున్నానో ఆవిడ చెప్పలేదు.

2024 శ్రావణమాసంలో, కడిగిన బాల్కనీలో కాలు జారి ఆవిడ కుడి మణికట్టు విరిగింది. డాక్టరు ఆరువారాల కట్టు వేశాడు. కొడుకు బెంగళూరులో, కూతురు పుణేలో. వంటమనిషిని పెడదామంటే, వచ్చిన ఇద్దరూ ‘నెయ్యి లేకుండా పప్పా?’ అని మొహం అదోలా పెట్టారు. రిటైరైన ఆయనకి ఖాళీకి కొదవలేదు. అరవై ఒకటో ఏట మొదటిసారి పొయ్యి ముందు నిలబడ్డాడు.

ముందు సూపర్‌మార్కెట్‌కి వెళ్లాడు. ‘ఆకుపచ్చ చుక్క ఉంటే చాలు’ అనుకుని బిస్కెట్లు, బ్రెడ్డు, సూప్ పొడి బుట్టలో వేసుకొచ్చాడు. ఆవిడ ఎడమచేత్తో ప్యాకెట్లు తిప్పి చూసి, ఒక్కొక్కటీ పక్కన పెట్టింది.

‘‘చుక్క ఉందిగా?’’

‘‘ఆ చుక్క మాంసం, చేప, గుడ్డు లేవనేనండీ చెప్పేది. పాలకి అడ్డు లేదు.’’

మర్నాడు కళ్లజోడుతోపాటు భూతద్దం కూడా జేబులో వేసుకుని వెళ్లాడు. చీమతలకాయంత అక్షరాల్లో ‘మిల్క్ సాలిడ్స్’, ‘వే పౌడర్’, ‘కేసిన్’... ఇవన్నీ పాల పిల్లలేనని అప్పుడు తెలిసింది. మసాలా చిప్స్‌లో పాలపొడి ఎందుకో ఆయనకి ఎంతకీ అర్థంకాలేదు. ముప్ఫై మూడేళ్లు బ్యాంకులో దస్తావేజుల కింద సన్నక్షరాలు చదివిన మనిషి, ఇంట్లోకొచ్చే బిస్కెట్ ప్యాకెట్‌ని ఒక్కరోజూ చదవలేదు!

వీగన్ తిండికి ప్రభుత్వం 2022లో వేరే నిబంధనలు తెచ్చింది. ఆ గుర్తు ఆకుపచ్చ చదరంలో ‘వి’ అక్షరం, దానిమీద చిన్న ఆకు. వెతగ్గా వెతగ్గా ఆ గుర్తుతో ఓ బాదం డబ్బా దొరికింది. దానిమీద ‘పాలు’ అన్న మాట లేదు, ‘పానీయం’ అని ఉంది. గింజల నుంచి తీసినవాటిని పాలు అని అమ్మకూడదని ఆహార ప్రమాణాల సంస్థ చెప్పడమే అందుకు కారణం. ధర చూసి డబ్బాని మళ్లీ అరలో పెట్టేశాడు. అంత డబ్బుతో ఆ ఇంటికి వారం రోజులు పాలొస్తాయి.

ఆ సాయంత్రం రైతుబజారుకి వెళ్లాడు. ఆకుకూరలమ్మే ఆవిడ సంచీని గుర్తుపట్టింది.

‘‘ఏం సార్, టీచరమ్మ రాలే?’’

‘‘చెయ్యి విరిగిందమ్మా. ఇకనుంచి నేనే.’’

‘‘అయ్యో! అమ్మ గోంగూర తీస్కుంటది, బచ్చలి తీస్కుంటది. బుధవారం బుధవారం కంద కూడా కొంటది, ఆ మూలకున్న తాత దగ్గర. మీకు తెల్వదా?’’

తెలీదు. మూడేళ్లుగా భార్య ఏం తింటోందో కూరలమ్మే ఆవిడకి తెలుసు, తనకి తెలీదు. ఆ మాట ఇంటిదాకా ఆయన వెంట నడిచి వచ్చింది.

ఆ రాత్రి ఓ కాగితం తీసుకుని ఆవిడ ముందు కూర్చున్నాడు. ‘‘చెప్పు, నువ్వు తినేవన్నీ రాసుకుంటాను.’’ ఆవిడ చెబుతుంటే ఆయన రాశాడు. గోంగూర పప్పు. కంద బచ్చలి. వేరుశెనగ, నువ్వులు, కొబ్బరి కూరిన గుత్తివంకాయ. ముక్కల పులుసు. పులిహోర. కందిపొడి, నువ్వులపొడి. పచ్చిపులుసు. జొన్నరొట్టె. మినపగారెలు. నువ్వులనూనెతో కలిపిన ఆవకాయ. కాగితం నిండిపోయింది. రెండోవైపు తిప్పాడు. ఉగాది పచ్చడి దగ్గర ఆగి చూసుకుంటే అదీ ఈ లెక్కలోదే... వేపపువ్వు, మామిడి, చింతపండు, కొత్తబెల్లం, ఉప్పు, కారం. పాలచుక్క ఎక్కడుంది? వింత అనుకున్నది నూటికి ఎనభైపాళ్లు ఆయన రోజూ తింటున్నదే. తేడా వచ్చేది పప్పు మీద చెంచాడు నెయ్యి దగ్గర, చివర్లో పెరుగు దగ్గర, పొద్దుటి కాఫీ దగ్గర, పండగ పరమాన్నం దగ్గర. అంతే. కానీ ఆ నాలుగూ తీసేస్తే భోజనం భోజనంలా ఉండదనే కదా బాధ!

కాగితం రాసినంత తేలిక కాదు వంట. మొదటి గుత్తివంకాయ కింద మాడింది, పైన పచ్చిగా మిగిలింది. శ్రావణ శుక్రవారం పరమాన్నంలో ఆవుపాలకు బదులు కొబ్బరిపాలు పోసి కుతకుతా ఉడికిస్తే విరిగి, నూనె పైకి తేలింది. బెల్లం వేసిన అన్నం బాగా ఉడికి, పొయ్యి కట్టేశాక చిక్కటి కొబ్బరిపాలు పోసి కలపాలని, తర్వాత మళ్లీ వేడిచెయ్యకూడదని ఆవిడ చెప్పాక రెండోసారి కుదిరింది.

ఆవిడ మందుల డబ్బా కూడా అప్పుడే ఆయన చేతికొచ్చింది. అందులో బి12 మాత్ర ఒకటుంది. మొక్కల నుంచి వచ్చే తిండిలో ఆ విటమిను నమ్ముకోదగ్గంత దొరకదనీ, పాలూ మాంసమూ రెండూ మానేసినవాళ్లు దాన్ని విడిగా తీసుకోవాల్సిందేననీ డాక్టరు మొదట్లోనే చెప్పాడట. విరిగిన ఎముక అతకాలంటే సున్నం కావాలి. ‘పాలు తాగితే ఇలా అయ్యేదా?’ అని ఫోన్లో ప్రతివాళ్లూ అన్నారు. తడి గచ్చు మీద జారితే పాలు తాగేవాళ్ల చెయ్యయినా విరుగుతుందని ఆయన సమాధానం చెప్పడం మొదలుపెట్టాడు. నూరు గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకి పైనే కాల్షియం ఉందని చదివాక, పొద్దున్నే రాగిజావ కాయడం ఆయన పనైంది. నువ్వుల్లో ఇంకా ఎక్కువ. బెల్లంతో దంచి ఉండలు కట్టాడు. మొదటివి రాళ్లలా వచ్చాయి.

అసలు పరీక్ష మూడోవారంలో వచ్చింది. ఆ రోజు టమాటా పప్పు చక్కగా కుదిరింది. పోపు గరిటె పొయ్యిమీద పెట్టి, చెయ్యి అలవాటుగా సీసాలోకి వెళ్లింది. ఆవాలు చిటపటలాడుతున్నప్పుడు వాసన తగిలి చూసుకుంటే అది నూనె సీసా కాదు, నెయ్యి సీసా. అప్పటికే పోపు పప్పులో పడిపోయింది. హాల్లో ఆవిడ ఎడమచేతిలో చెంచా పట్టుకుని ఆకలితో ఎదురుచూస్తోంది.

మొత్తం గిన్నెలో ఒక్క చెంచా. ఇంగువ వాసనలో తెలియను కూడా తెలియదు. మొన్ననే ఓ దగ్గరి బంధువు ఫోన్లో సలహా ఇచ్చాడు... ‘‘కాస్త నెయ్యి వేసెయ్ బావా, దానికి తెలుస్తుందా ఏమన్నానా? ఒంటికి మంచిది’’ అని. చిన్నపిల్లలకి మందు తేనెలో కలిపి పెట్టినట్టు! ఆయన గిన్నె పట్టుకుని ఒక్క నిమిషం అలాగే నిలబడిపోయాడు. తర్వాత దాన్ని పక్కన పెట్టి, హాల్లోకి వెళ్లి చెప్పాడు.

‘‘పొరపాటున నెయ్యి పోపు పెట్టాను. నువ్వు తినకు. ఆవకాయ వేసి అన్నం కలుపుతాను.’’

ఆవిడ ఏమీ అనలేదు. ఆవకాయ అన్నం సగం తిన్నాక తలెత్తకుండానే అడిగింది. ‘‘చెప్పకపోయినా నాకు తెలిసేది కాదుగా?’’

‘‘తెలిసేది కాదు.’’

‘‘మరి?’’

‘‘రేపటి నుంచి నేను పెట్టిన ప్రతి ముద్దా నువ్వు వాసన చూసుకుని తినాలి. అది నా వల్ల కాదు.’’

ఆ మధ్యాహ్నం ఆ పప్పంతా ఆయనే తిన్నాడు. సాయంత్రం నెయ్యి సీసాకి ఎర్రదారం కట్టాడు.

కట్టు విప్పడానికి పదిరోజులుందనగా ఊరినుంచి తల్లి వచ్చింది. ఎనభై ఆరేళ్లు. కోడలి చెయ్యి చూడాలని మనవడి వరస కుర్రాణ్ని వెంటబెట్టుకుని బస్సెక్కేసింది. ఆయనకి గుండెల్లో రాయి పడింది. కోడలు పాలు మానేసిన సంగతి ఆవిడకి మూడేళ్లుగా ఎవరూ చెప్పలేదు. పండక్కి వెళ్లినప్పుడల్లా ‘కడుపులో బాగాలేదు అత్తయ్యా’ అని నెట్టుకొచ్చారు.

రాత్రి భోజనాల దగ్గర ముసలావిడ పెరుగన్నం కలుపుకుంటూ కోడలి కంచం వైపు చూసింది. ‘‘ఏమ్మాయ్, ఇప్పుడూ కడుపులో బాగాలేదా?’’

దాచడానికి ఇక ఓపిక లేదేమో, కోడలు చెప్పేసింది. పాక, దూడ, తాడు... అన్నీ. ఆయన తలెత్తలేదు. ముసలావిడ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

‘‘ఒరేయ్ అబ్బాయ్, నువ్వు తొమ్మిదో క్లాసులో ఉండగా మన బూడిదరంగు గేదె రెండోసారి ఈనింది. నీకు గుర్తుందా?’’

‘‘జున్ను గుర్తుందమ్మా.’’

‘‘నీకు జున్నే గుర్తుంటుంది. దాని దూడ నెల తిరక్కుండా చచ్చిపోయింది. పాలు మొత్తం తాగనిస్తే బతికేదేమో! అప్పుడు నీ ఫీజు కట్టాలి. దూడ లేకపోతే గేదె చేపదు. ఆ తోలు ఒలిపించి, లోపల గడ్డి కూరించి, కర్రలు కాళ్లుగా పెట్టించాను. రోజూ పొద్దున్నే దాన్ని ముందు నిలబెడితే ఆ పిచ్చిది నాకుతూ నాకుతూ పాలిచ్చేది. ఆ ఈతంతా నేను చుక్క మజ్జిగ ముట్టలేదు. ఎవరికి చెప్పుకోను? చెప్పుకుంటే పాలెవరు కొంటారు?’’

హాల్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. కాసేపటికి ఆవిడే మళ్లీ అంది. ‘‘ఆ పాలు అమ్మకపోతే నువ్వు లేవు. అదీ నిజమే. ఇదీ నిజమే. తినమ్మా, చల్లారిపోతుంది.’’

ఆవిడ తన పెరుగన్నం ముద్ద నోట్లో పెట్టుకుంది. పాత బాధ తలుచుకున్నంత మాత్రాన ఎనభై ఆరేళ్ల అలవాటు మానుకోలేదు, మానుకోవాలని ఎవరూ అనలేదు కూడా. ఆయన మాత్రం తను అంతకాలం ఎవరి తరఫున నొచ్చుకున్నాడో ఆ మనిషికి అసలు నొప్పే లేదని గ్రహించాడు. ఉన్న నొప్పి వేరే. అది కోడలిదీ, అత్తదీ ఒకటే.

మర్నాడు పొద్దున ముసలావిడ వంటింట్లోకి వచ్చి, వేరుశెనగపప్పు డబ్బా చూసింది. ‘‘నువ్వులకీ కొబ్బరికీ పాలున్నట్టే దీనికీ ఉంటాయిగా. తోడు వేసి చూడలేకపోయావూ?’’

‘‘తోడుకి మళ్లీ పెరుగు కావాలిగా అమ్మా!’’

‘‘ఇంట్లో తోడు అయిపోతే పచ్చిమిరపకాయ తొడిమలు వేసేవాళ్లంరా. మీ నాయనమ్మ నేర్పింది. బ్యాంకులో అవి నేర్పరు.’’

కప్పు వేరుశెనగపప్పు రాత్రంతా నానబెట్టారు. పొద్దున పొట్టు రుద్ది తీసేసి, మూడు కప్పుల నీళ్లతో మెత్తగా రుబ్బి, పల్చటి బట్టలో పిండారు. చూడ్డానికి అచ్చం పాలే. సన్నసెగ మీద అడుగంటకుండా కలుపుతూ కాచి, వేలు పెడితే ఓర్చుకునేంత గోరువెచ్చగా అయ్యాక అయిదారు తొడిమలు వేసి మూతపెట్టారు. మొదటిరోజు తోడుకోలేదు. పాలు మరీ చల్లారిపోయాయంది ముసలావిడ. రెండోసారి తోడుకుంది గానీ పచ్చివాసన. ఇంకాసేపు కాచాల్సిందట. మూడోరోజు పొద్దున మూత తీస్తే గిన్నె కదిపినా కదలకుండా పేరుకుంది. చెంచాతో తీస్తే పక్కన కాస్త నీరు ఊరింది, మామూలు పెరుగులాగే. తొడిమలు ఏరేసి, మధ్యాహ్నం అందులో అన్నం, ఉప్పు, అల్లం, కరివేపాకు కలిపి, ఈసారి సీసా రెండుసార్లు చూసుకుని నూనెతో పోపు పెట్టాడు.

మూడేళ్ల ఏడునెలల తర్వాత ఆవిడ కంచంలో చివరి వాయి పడింది. ఇద్దరూ ఆవిడ మొహంలోకే చూస్తున్నారు.

‘‘ఎలా ఉంది?’’

‘‘పెరుగులా లేదండీ.’’

ఆయన మొహం చిన్నబోయింది.

‘‘పల్లీల రుచి తెలుస్తోంది. పులుపు కూడా ఇంకాస్త రావాలి’’ అంటూనే ఆవిడ కంచం ముందుకు జరిపింది. ‘‘ఇంకొంచెం పెట్టండి.’’

ముసలావిడ కూడా చెంచాడు తీసుకుని చప్పరించింది. ‘‘బాగానే ఉంది గానీ నాకు నాదే పెట్టు’’ అంది.

కట్టు విప్పారు. చేతికి వ్యాయామాలు చెప్పారు. నెలన్నరకి వంటిల్లు మళ్లీ ఆవిడ చేతికొచ్చింది. కూరలు కొనుక్కురావడం మాత్రం ఆయన వదల్లేదు. బుధవారం కంద తాత ఆయన కోసం మంచి దుంప పక్కన పెడుతున్నాడు. ఆయన కాఫీలోకి పాలు ఇప్పటికీ వస్తున్నాయి, ఒకప్పటికంటే అరలీటరు తక్కువ. మానేస్తారా అని ఎవరైనా అడిగితే ‘‘నేను పాలమీద చదివినవాణ్ని’’ అని నవ్వేస్తాడు. ఇప్పుడా మాట అనేముందు ఓ క్షణం ఆగుతాడు, అంతే.

రాత్రి పడుకోబోయే ముందు వంటగట్టు మీద రెండు గిన్నెలు పెట్టుకుంటాడు. ఒకదాంట్లో నిన్నటి పెరుగు చెంచాడు వేసి కలుపుతాడు. రెండోదాంట్లో మిరప తొడిమలు వేస్తాడు. దేని మూత దానిమీద పెట్టి, లైటు తీసేస్తాడు.